నీలిపూల గుర్రపు డెక్క

బెజవాడలో ఏదో ఒక కాలువ వంతెన మీద ఒక్క నిమిషం ఆగి కిందికి చూసినవాళ్లకు గుర్రపు డెక్కను పరిచయం చెయ్యక్కర్లేదు. ఏలూరు కాలువ కానివ్వండి, బందరు కాలువ కానివ్వండి, రైవస్ కాలువ కానివ్వండి, ఏ మలుపులోనో, ఏ వంతెన స్తంభం చుట్టూనో గుంపుగా చేరి పచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. దళసరి ఆకు గుర్రం గిట్టలా గుండ్రంగా ఉంటుందని ఆ పేరు. మన రైతులు అంత వర్ణన పెట్టుకోరు. నాచుతోనూ జమ్ముతోనూ కలిపి దీన్నీ "తూడు" అనేస్తారు. ఆకుల నడుమ నుంచి లేచిన కాడకు లేత ఊదారంగు పూలు. పై రేకు మీద నెమలి ఈకలో కన్నులా పసుప్పచ్చని చుక్క. చూస్తే ఒక్కటి తెచ్చి మన తొట్లో వేసుకుందామా అనిపిస్తుంది. ఈ మొక్క దేశాలు పట్టి తిరగడమంతా ఆ "తెచ్చి వేసుకుందామా" అన్న ముచ్చటలోంచే పుట్టింది.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అమెజాన్ నది పరివాహకంలో ఎప్పట్నించో ఉంది. అక్కడ దీన్ని తినే పురుగులూ ఉన్నాయి, వరదొస్తే కొట్టుకుపోవడమూ ఉంది కనుక, తన హద్దులో తాను బతుకుతుంది. మార్షియస్ అనే జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు 1823లో దీన్ని లోకానికి వర్ణించి చెప్పాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1843లో, కుంత్ అనే మరో జర్మనుడు దీని జాతికి ఐక్‌హార్నియా అని పేరు పెట్టాడు. ఐక్‌హార్న్ అనేవాడు ప్రష్యా రాజ్యంలో ఒక మంత్రి. గౌరవార్థం పెట్టిన పేరు కాస్తా లోకమంతా తిట్టుకునే పేరైంది. ఈమధ్య శాస్త్రజ్ఞులు ఈ మొక్కను మళ్లీ పాత జాతిలోనే కలిపేశారు లెండి. మంత్రిగారు బతికిపోయారు.

ఇక ఇది ఊళ్లు తిరిగిన కథలు వినాలి. 1884లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో పెద్ద పత్తి ప్రదర్శన జరిగింది. అక్కడికి వచ్చినవాళ్లకు ఈ మొక్కను కానుకగా పంచారనీ, ఇంటికి తీసుకెళ్లి కుంటల్లో వేసుకున్నారనీ చెబుతారు. ఫ్లారిడాలో ఒక ఇల్లాలు తన కుంటలో ఎక్కువైన మొక్కలను పక్కనున్న నదిలో పారేసిందట, కొన్నేళ్లలో స్టీమర్లు కదలడం కష్టమైపోయిందట. సయాం రాజదంపతులు 1901లో జావా వెళ్లినప్పుడు, అక్కడి స్త్రీలు ఈ పూలు పెట్టుకోవడం చూసి ముచ్చటపడి మొక్కలు తెచ్చి కోట తటాకంలో వేయించారు. థాయి భాషలో ఇప్పటికీ దీని పేరులో "జావా" ఉంది. బెంగాలుకు కూడా ఎవరో దొరసాని తెచ్చిందనే ఒక కథ ప్రచారంలో ఉంది.

గమనించారా? ఏ దేశం కథ విన్నా చివరికి నేరం ఒక ఆడదాని పూల సరదా మీదికే వస్తుంది. ఇందులో కొంత నిజమే అయి ఉండవచ్చు. కానీ ఒక పిడికెడు మొక్కలు నదిలో పడినంత మాత్రాన నది నిండిపోదు. నిండడానికి దానికి తిండి కావాలి. ఆ తిండి పెట్టినవాళ్ల పేర్లు ఏ కథలోనూ రాలేదు.

తిండి దొరికితే దీని వేగం ఎంతో మన వంటింటి లెక్కతోనే తెలుసుకోవచ్చు. వెచ్చని నీళ్లలో, ఎరువు పుష్కలంగా ఉంటే, రెండు వారాలకు ఇది రెట్టింపవుతుంది. పది మొక్కలతో మొదలుపెట్టండి. పదిహేను రోజులకు ఇరవై, నెలకు నలభై, రెండు నెలలకు నూట అరవై. ఇందాకటి దాకా ఫరవాలేదనిపిస్తుంది. ఎనిమిది నెలలకు పదహారుసార్లు రెట్టింపై 6,55,360 మొక్కలవుతాయి. దీనికి విత్తనంతో పనే లేదు. తల్లి మొక్క పక్కకు ఒక తీగ చాపుతుంది, దాని చివర పిలక తయారవుతుంది. తీగ తెగినా పిలక ఎటో తేలిపోయి మరో కాపురం పెట్టుకుంటుంది. కాడలో గాలి నిండిన బుడగ ఉంటుంది కాబట్టి మునిగే ప్రశ్నే లేదు. ఎకరం మేర ఒత్తుగా అల్లుకుంటే నూరు టన్నుల పైమాటే తూగుతుంది. అందులో నూటికి తొంభై వంతులకు పైగా నీళ్లే!

దీనితో వేగలేక జనం పడిన అవస్థల్లో నవ్వొచ్చేవీ ఉన్నాయి. 1910లో లూసియానాకు చెందిన రాబర్ట్ బ్రౌసర్డ్ అనే అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడు, ఆఫ్రికా నుంచి నీటి ఏనుగులను తెప్పించి నదుల్లో వదలాలని ఏకంగా బిల్లే పెట్టాడు. అవి ఈ మొక్కను మేస్తాయి, అప్పట్లో దేశంలో మాంసం కొరత కూడా ఉంది కనుక వాటిని జనం తింటారు, ఒక్క దెబ్బకు రెండు పిట్టలు అని ఆయన ఆలోచన. పత్రికలు సరదాపడ్డాయి గానీ బిల్లు గట్టెక్కలేదు. గుర్రపు డెక్క కోసం నీటి ఏనుగును తెచ్చుకుంటే, నీటి ఏనుగు కోసం ఇంకేం తెచ్చుకోవలసి వచ్చేదో!

బెంగాలులో మాత్రం అది నవ్వులాట కాలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడికి చేరిన మొక్క 1920 నాటికి నదులూ పాయలూ కమ్మేసింది. పడవ కదలదు, వరి చేలలోకి తెప్పలు తెప్పలుగా వచ్చిపడుతుంది. జర్మనీవాళ్లే ఇంగ్లీషువాళ్ల మీద పగతో దీన్ని వదిలారని యుద్ధం రోజుల్లో ఒక పుకారు లేచి, "జర్మన్ పానా" అనే పేరు కూడా స్థిరపడింది. 1921లో జగదీశ్‌చంద్ర బోసుగారి అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 1936లో చట్టమే చేశారు. ఎవరి స్థలంలో ఈ మొక్క ఉంటే వాళ్లే తొలగించాలి, లేకపోతే శిక్ష. మరుసటి ఏడు జరిగిన ఎన్నికల్లో పెద్ద పార్టీలన్నీ గుర్రపు డెక్క నిర్మూలన మా ప్రణాళికలో ఉందంటే మా ప్రణాళికలో ఉందన్నాయి. ఒక నీటి మొక్క ఎన్నికల వాగ్దానం దాకా ఎక్కడం చరిత్రలో అరుదు.

ఇక మన డెల్టాకు వద్దాం.

1833 నాటి గుంటూరు కరువు తర్వాత, కృష్ణ నీళ్లు ఊరికే సముద్రం పాలవుతుంటే పక్కన జనం ఆకలితో చావడమేమిటన్న ఆలోచన బలపడి, ఆర్థర్ కాటన్ పథకం ప్రకారం కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో బెజవాడ దగ్గర ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. అది దాదాపు వందేళ్లు నిలబడి 1952లో కొట్టుకుపోతే, దాని ఎగువన కట్టినదే ఇప్పటి ప్రకాశం బ్యారేజి. 1957 డిసెంబరులో అది వాడుకలోకి వచ్చింది. ఈ సంగతులు చిన్నపిల్లల వాచకాల్లోనూ ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది కాలువల గురించి.

కాటన్ దొర దృష్టిలో కాలువ అంటే పొలానికి నీళ్లు పెట్టే బోదె మాత్రమే కాదు, అదొక రోడ్డు కూడా. రైళ్లకన్నా పడవ దారులే ఈ దేశానికి మేలని ఆయన పట్టుబట్టి వాదించాడు. అందుకే మన కాలువలకు లాకులు పెట్టారు. ఏలూరు కాలువ పట్టుకుని పోతే గోదావరి కాలువలూ, అవి దాటితే కాకినాడా. ఇవతల సీతానగరం వైపు నుంచి కొమ్మమూరు కాలువ పట్టుకుంటే పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ, అక్కణ్ణించి చెన్నపట్నం. ధాన్యం బస్తాలూ, పొగాకు చెక్కులూ, పెళ్లివారూ అందరూ పడవల్లోనే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవారు. అలా లాగేవాడి కాలికి దారి కావాలి కనుక గట్టు శుభ్రంగా ఉండాలి, పడవకు దారి కావాలి కనుక నీళ్లు శుభ్రంగా ఉండాలి. లస్కరు రోజూ గట్టెంట తిరిగి ఎక్కడ గండి, ఎక్కడ తూడు అని చూసేవాడు. ఏటా వేసవిలో కాలువలు కట్టేసేవారు. ఊళ్లలో మంచినీళ్ల చెరువులు ముందే నింపుకునేవారు. కాలువ అడుగు ఎండి నెర్రెలు విచ్చితే, అందులో ఏ మొక్క ఉన్నా మాడిపోయేది. పూడిక తీసేవారు. మళ్లీ తొలకరికి కాలువలు వదిలారంటే డెల్టాకంతా పండగే.

1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. బెజవాడ జంక్షనైంది. ఆ తర్వాత రోడ్లు వచ్చాయి, లారీలు వచ్చాయి. పడవలు ఒక్కసారిగా ఆగిపోలేదు. 1960ల దాకా ఈడ్చుకొచ్చి, క్రమంగా తగ్గి, లాకులు తుప్పుపట్టాయి. పడవ పోయాక కాలువ మీద రోజూ కన్నేసి ఉంచవలసిన అవసరం సగం పోయింది. తర్వాత లస్కర్లూ తగ్గారు. బెజవాడ పెరిగింది. పూర్వం మెట్లు దిగి కాలువలో స్నానాలు చేసి, బట్టలు ఉతికి, బిందెలు ముంచుకున్న ఇళ్లు కుళాయిలు రాగానే కాలువ వైపు వీపు తిప్పేశాయి. వీధి తలుపు రోడ్డుకు, దొడ్డి తూము కాలువకు! ఆడవాళ్లు రోజుకు నాలుగుసార్లు దిగే రేవులో పైనుంచి ఎవరైనా మురుగు వదిలితే ఊరుకునేవారా? ఆ రేవుల్లో ఉన్నంత గట్టి తనిఖీ ఏ శాఖా తర్వాత పెట్టలేకపోయిందని నా అభిప్రాయం.

ఊళ్లో ఇలా మురుగు చేరుతుంటే, చేలల్లో రసాయనపు ఎరువులు పెరిగాయి. వరిచేనుకు చల్లిన యూరియాలో పైరుకు అందగా మిగిలింది మురుగు కాలువల్లోకి దిగుతుంది. నత్రజని, భాస్వరం, కదలని నీళ్లు, ఎండ. ఇందాక తిండి అన్నానే, అది ఇదే. అమెజాన్ అడవుల్లో అర్ధాకలితో బతికిన మొక్కకు కృష్ణా డెల్టాలో రోజూ విందు.

ఆ విందు ఖర్చు ఎవరిదో చూడండి. తూడు అడ్డం పడితే కాలువ నడక మందగిస్తుంది, మందగిస్తే ఒండ్రు దిగి పూడుతుంది. తల మీద ఉన్న చేలకు నీళ్లు అందినా, శివారు రైతుకు అందవు. ఆకుల చాప కింద వెలుతురు పోదు, గాలి కలవదు, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. దోమల సంగతి సరే సరి. మాన్సోనియా అనే ఒక జాతి దోమ పిల్లలైతే ఇలాంటి నీటి మొక్కల వేళ్లలోకి గొట్టం గుచ్చి, అందులోని గాలి పీల్చుకునే బతుకుతాయి! తిరువాన్కూరు సంస్థానంలోని చేర్తల ప్రాంతంలో 1930లలో బోదకాలు తగ్గించడానికి చెరువుల్లోని అంతరతామరను పనిగట్టుకుని పీకించింది అందుకే.

మరి వదిలించుకునే దారేమిటి? చేత్తో పీకడం అన్నింటికన్నా పాతది, ఇప్పటికీ పనికొచ్చేది. నడుంలోతు మురుగులో నిలబడి పీకే కూలీల కష్టం చూసినవాళ్లకు దాని ధర తెలుస్తుంది. ఇప్పుడు పొక్లెయిన్ వచ్చింది. ఒక్క రోజులో కాలువ ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. కానీ తీసిన తూడు గట్టు మీదే పోస్తే, మొదటి వానకు సగం మళ్లీ నీళ్లలోకి జారుతుంది. టూ ఫోర్ డీ వంటి కలుపుమందు కొడితే చచ్చిపోతుంది గానీ, చచ్చినదంతా నీళ్లలోనే కుళ్లి ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేస్తుంది. పైగా అవే నీళ్లు దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువులకు చేరతాయి. ఇల్లు తుడవడానికి ఇంటికి నిప్పు పెట్టినట్టుంటుంది.

చక్కని ఉపాయం ఒకటి బెంగుళూరులో చేశారు. మొక్క పుట్టింటి నుంచే దాని శత్రువును పిలిపించారు! నియోకెటినా అనే ముక్కు పురుగులు రెండు జాతులున్నాయి, గోధుమరంగువి, బియ్యపు గింజంతే ఉంటాయి. పెద్దవి ఆకులు గీరి తింటాయి, పిల్ల పురుగులు కాడల్లో దొలుచుకుపోతాయి. ఆకలితో చస్తాయి గానీ వరి ముట్టవు, కూరగాయలు ముట్టవు. ఆ సంగతి పరీక్షించి తేల్చుకున్నాకే, 1982లో అమెరికా నుంచి తెప్పించి, తర్వాతి ఏళ్లలో హెబ్బాళ వంటి చెరువుల్లో వదిలారు. కొన్నేళ్లు ఓపిక పట్టాక ఆ చెరువుల్లో మొక్క బాగా పలచబడింది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు మీద కూడా 1990లలో ఇవే పురుగులు పనిచేశాయి.

అయితే మన కాలువల దగ్గర ఈ పురుగుకు చిక్కుంది. అది నెమ్మదిగా పనిచేసే జీవి. దానికి ఏళ్లపాటు కదలని కాపురం కావాలి. ఒక ఏడు పొక్లెయిన్‌తో పురుగులతో సహా ఎత్తి పారేసి, మరో ఏడు కాలువ కట్టేసి ఎండబెడితే అది ఎక్కడ నిలుస్తుంది? ఇంకో పక్క, మురుగు నీళ్లలో మొక్క ఎంత వేగంగా పెరుగుతుందంటే, పురుగు ఒక ఆకు తినేలోపు మూడు ఆకులు వేస్తుంది. చెరువు స్థిరంగా ఉండి, అందులోకి మురుగు రాకుండా ఆపినచోటే ఈ వైద్యం బాగా పట్టింది.

ఈ కథకు అసలు రంగస్థలం కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పరుచుకున్న మంచినీటి సరస్సు. పెద్దింట్లమ్మ తల్లి ఉన్న చోటు. ఆటపాక దగ్గర పడవెక్కి గూడబాతులను చూసి రావడం డెల్టా కుటుంబాలకు ఒక సరదా. పడమటి నుంచి బుడమేరు, ఉత్తరం నుంచి తమ్మిలేరు, ఇంకా అరవైకి పైగా కాలువలూ డ్రెయిన్లూ ఇందులోకి దిగుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. పది మంది వడ్డించే పళ్లానికి తాగే నోరు ఒకటన్నమాట. మనవాళ్లు ఎంతకూ తెగని వ్యవహారాన్ని కొల్లేటి చాంతాడు అంటారు. కొల్లేరు సమస్యకే ఆ మాట అచ్చంగా సరిపోయింది.

1970లు, 80లలో చేపల చెరువులు మొదలై సరస్సు గర్భంలోకే గట్లు వచ్చాయి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో చెరువు గట్లు బద్దలుకొట్టారు. అందులో ఎవరి కడుపు నిండింది, ఎవరి కడుపు మాడింది అనేది వేరే వ్యాసం. ఇంత జరిగినా తూడుకు మాత్రం ఏ కష్టమూ రాలేదు. ఎగువ ఊళ్ల మురుగూ, పొలాల ఎరువూ, చేపల మేత మిగులూ అన్నీ చివరికి ఆ పళ్లెంలోకే చేరతాయి. వానలు పడగానే కాలువల్లోని గుర్రపు డెక్క కూడా తెప్పలుగా కొట్టుకొచ్చి, నీళ్లు ఉప్పుటేరుకు సాగే దారిలో పెదఎడ్లగాడి వంతెన ఖానాలకు అడ్డం పడుతుంది. వరద వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఆ వంతెన బొమ్మ పడుతుంది, తూడు లాగే కూలీలతో, యంత్రాలతో.

2024 ఆగస్టు ఆఖరి వానలు గుర్తున్నాయి కదా. సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి పరుగెత్తింది. ఇటు బుడమేరు మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడి, సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. మేడ మీద పసిబిడ్డకు పాలులేక, మంచినీళ్లు లేక పడవ కోసం ఎదురుచూసిన తల్లులెందరో. దానికంతటికీ ఒక మొక్కను బాధ్యురాలిని చెయ్యడం పొరపాటు. వాన అంత పడింది, గండ్లు పడ్డాయి, ఏటి దారిలో ఇళ్లు లేచాయి. అయితే వచ్చిన నీళ్లు వెళ్లిపోవాలిగా? బుడమేరు కిందికి కొల్లేరు దాకా దారి ఇరుకై, తూడు పట్టి, పూడి ఉంటే ఊళ్లో నిలిచిన ప్రతి అడుగు నీళ్లూ ఇంకొన్ని గంటలు ఎక్కువ నిలుస్తాయి. పడక గదిలో నడుంలోతు నీళ్లున్న ఇంటికి గంట అంటే ఎంతో ఆ ఇంటివాళ్లకే తెలుసు.

దీనివల్ల ఉపయోగమేమీ లేదా అని అడిగేవాళ్లున్నారు. ఉంది. తూర్పు బెంగాల్ పల్లపు ప్రాంతాల్లో ఈ తెప్పలనే పరుపుగా పేర్చి, వాటి మీద కూరగాయల నారు పెంచుతారు. ఎండబెట్టిన కాడలతో అస్సాంలోనూ థాయిలాండులోనూ బుట్టలు, సంచులు అల్లుతారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. పేడతో కలిపి గుంటలో వేస్తే మంచి ఎరువవుతుంది. కాకపోతే నూరు టన్నుల తూడు మోసుకొస్తే తొంభై టన్నులు నీళ్లే మోసినట్టు, ఆ కూలి ఏ బుట్ట అమ్మినా గిట్టదు. ఇంకొకటి, దీని వేళ్లు నీళ్లలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చి దాచుకుంటాయి. ఊరి మురుగులో పెరిగినదాన్ని పశువుకు వెయ్యకూడదు, కూరపాదులకూ తొందరపడి వెయ్యకూడదు.

నర్సరీల్లో మిద్దెతోటల తొట్ల కోసం ఈ మొక్కను అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. తొట్లో ఉన్నంతకాలం దాని వల్ల ఏ హానీ లేదు. ఎక్కువైనవాటిని ఏం చేస్తామన్నదే ప్రశ్న. కాలువలోనో, వీధి కాలువలోనో పారెయ్యకుండా, మేడ మీద రాతి పలకపై పరిచి రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. వేళ్లు పెళపెళమన్నాక కుండీ మట్టిలో కలుపుకోవచ్చు. పూత కాలంలో అయితే పువ్వు వాడగానే కాడ తుంచెయ్యడం మంచిది. ఎందుకంటే ఈ పువ్వుకొక వింత అలవాటుంది. రెండు రోజులు నిటారుగా నిలబడి అందరినీ మురిపించి, వాడిపోగానే కాడ వంగి తల నీళ్లలో ముంచుతుంది. కాయ అక్కడే పగిలి, గింజలు బురదలోకి దిగుతాయి. అవి పదిహేను ఇరవై ఏళ్లు అలాగే పడుకుని ఉండగలవు. నీరు తగ్గి, అడుగున ఎండ పొడ తగిలి, మళ్లీ పలచగా తడి చేరితే మొలకెత్తుతాయి. 2024 వరద తెచ్చిన ఒండ్రుతో కొల్లేటి అడుగుకు చేరిన గింజకు 2040లో కూడా మొలకెత్తే శక్తి మిగిలి ఉండవచ్చు.